బియ్యము త్రాగు బండ్లు

ఉద్దేశము మంచిదైనంత మాత్రమున మార్గము మంచిది కానేరదు. ఇంటి చూరు కాలుచున్నదని ధాన్యపు గాదెను కూల్చి ఆ మట్టితో మంట నార్పువాని ఉద్దేశమును మెచ్చుకొనవచ్చును గాని వాని బుద్ధిని మెచ్చుకొనజాలము. బండ్లకు కావలసిన ఇంధనమును పంటలనుండి తీయవలెనని మన ప్రభుత్వమువారు కొన్ని సంవత్సరములుగా నడుపుచున్న విధానము ఇట్టిదే యని నా అభిప్రాయము. ఇది యంత్రశాస్త్రజ్ఞులకును నూనె వర్తకులకును సంబంధించిన విషయమని గృహస్థులును ఇల్లాండ్రును ఉపేక్షించుచున్నారు. కాని యిది మొదట వంటయింటి విషయము. పిదపనే బండి విషయము.

పెట్రోలులో ఇథనాలు అను మద్యసారమును కలుపుట క్రొత్త సంగతి కాదు. పంటనుండి ఇంధనము తీయుటయు క్రొత్తది కాదు. 1900లో పారిసు నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమున డీసెలు యంత్రమొకటి వేరుసెనగ నూనెతో నడిచెను. స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి యేడే, 1948లో, మద్యసారమును పెట్రోలులో కలుపు పరిశ్రమకై మన దేశమున చట్టమొకటి పుట్టెను. 2003లో ఆంధ్రప్రదేశముతో గూడ తొమ్మిది రాష్ట్రములలో నూటికి ఐదు పాళ్లు కలుపుట మొదలిడిరి. 2018లో జాతీయ జీవ ఇంధన విధానము వెలువడెను. 2030 నాటికి నూటికి ఇరువది పాళ్లు కలుపుట అందలి గమ్యము. 2022లో ఆ గడువును ఐదేండ్లు ముందునకు జరిపిరి. 2025లో గమ్యమును చేరితిమని చాటిరి. ఇంత స్వల్పకాలమున ఇంత పని జరుగుట పరిపాలనాదక్షతకు నిదర్శనమే. కాని ఆ దక్షత ఏ దిక్కునకు పరుగెత్తినదో చూడవలెను.

చక్కెర మిల్లుల మడ్డినుండి సారము తీసినంతకాలము ఆక్షేపణమునకు తావు లేకుండెను. ఆ మడ్డిని మనుష్యుడు తినడు. పాఱబోసినచో వాగులు చెడును. దానిని బండికి పోయుట వివేకమే. కాని మడ్డి కొలదిగా లభించును, గమ్యము పెద్దది. అందుచే ఈ విధానము మడ్డినుండి చెఱకు రసమునకును, రసమునుండి నూకలకును, నూకలనుండి మంచి బియ్యమునకును మొక్కజొన్నకును క్రమముగా చేయి చాచినది. 2018 నాటి విధానపత్రమున చెడిపోయిన ధాన్యమును, కుళ్లిన బంగాళాదుంపలను ముందు పెట్టి, మిగులు ధాన్యమునకు వెనుక తలుపు తెఱచి యుంచిరి. 2020 ఏప్రిలులో, దేశమంతయు మూతబడి వలసకూలీలు పిల్లలను భుజములపై మోసికొని రహదారుల వెంట నడచుచున్న దినములలోనే, భారత ఆహారసంస్థ గిడ్డంగులలోని మిగులు బియ్యమును సారముగా మార్చుటకు అనుమతి లభించెను. 2023-24 సంవత్సరమునకు ఇథనాలు మూలములలో మొక్కజొన్న అగ్రస్థానమును ఆక్రమించెను. చెప్పిన మాట మిగులు. కాలినది మాత్రము అన్నము.

లెక్క చూతము. ఒక టన్ను బియ్యమునుండి సుమారు 450 లీటర్ల ఇథనాలు వచ్చును. లీటరు ఇథనాలులో లీటరు పెట్రోలునందలి శక్తిలో మూడింట రెండు పాళ్లే యుండును. 2024-25 సంవత్సరమునకై ఆహారసంస్థ గిడ్డంగులనుండి ఇథనాలు కర్మాగారములకు కేటాయించిన బియ్యము 52 లక్షల టన్నులు. అందుండి రాదగినది 234 కోట్ల లీటర్ల ఇథనాలు. శక్తినిబట్టి చూచిన 156 కోట్ల లీటర్ల పెట్రోలునకు సమానము. దేశము ఆ యేట కాల్చిన పెట్రోలు సుమారు 4 కోట్ల టన్నులు, అనగా 5,400 కోట్ల లీటర్లు. కావున ఆ బియ్యమంతయు కలసి మన బండ్ల దాహమును తీర్చునది పదునొకండు దినములు మాత్రమే. అదే బియ్యమును చౌకధరల దుకాణములలో తలకు నెలకు 5 కిలోల చొప్పున పంచినచో 8 కోట్ల 60 లక్షల జనులకు సంవత్సరమంతయు చాలును. మఱియొక విధముగా చెప్పుదును. 40 లీటర్ల తొట్టి గల కారును నిండుగ నింపించినచో అందు 8 లీటర్లు ఇథనాలు. అది బియ్యపు సారమైనచో దానికి పట్టిన బియ్యము 18 కిలోలు. ఒక పేదవానికి మూడున్నర నెలల బత్తెము. ఆ తొట్టి వారము దినములలో ఖాళీ యగును.

ఇక వెల మాట. 2025 జనవరిలో ఈ బియ్యమును కర్మాగారములకు కిలో 22 రూపాయల 50 పైసలకు ఇచ్చునట్లు నిర్ణయించిరి. దానిని కొని, మోసి, నిలువచేయుటకు ఆహారసంస్థకగు ఖర్చు కిలోకు సుమారు 40 రూపాయలు. ఈ వ్యత్యాసమును భరించునది ప్రజలు. పేదవాని కంచమునకిచ్చు సహాయధనమును దుర్వ్యయమని గొణుగు పెద్దమనుష్యులే బండికిచ్చు సహాయధనమును అభివృద్ధి యందురు! 2023 జూనులో జరిగినది జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కర్ణాటక ప్రభుత్వము తన పేదలకు పంచుటకై డబ్బిచ్చి బియ్యమడిగెను. ఆ నెలలోనే, ధరలను అదుపుచేయవలెనను కారణముచే, కేంద్రమువారు రాష్ట్రములకు బియ్యము విక్రయించుట మానిరి. కర్ణాటకము బియ్యమునకు మాఱుగా కిలోకు 34 రూపాయల చొప్పున నగదు పంచవలసి వచ్చెను. ఇథనాలు కర్మాగారములకు మాత్రము బియ్యము జూలైలోగాని ఆగలేదు. కొందునన్న రాష్ట్రమునకు లేని బియ్యము బట్టీకి ఎట్లు కలిగినది? ఈ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానము నేటివఱకు నేను వినలేదు.

మన దేశమున అందఱి కడుపులును నిండియున్నచో ఈ వాదము అనవసరము. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 35 మందికి వయసునకు తగిన యెత్తు లేదనియు, 32 మందికి తగిన బరువు లేదనియు తేలినది. ఉపాధ్యాయుడనగుటచే మధ్యాహ్నభోజనపు వరుసను ప్రతిదినము చూచుచున్నవాడను. గ్రుడ్డు పెట్టు దినమున ఆ వరుస పొడవగును. ఆ గ్రుడ్డునకును పెట్రోలు బంకునకును సంబంధమేమని యడుగవచ్చును. కోళ్ల దాణాలో పెద్దపాలు మొక్కజొన్న. మొక్కజొన్నకై నేడు కోడితో పోటీపడునది కారు. ఒకప్పుడు మొక్కజొన్నను విదేశములకు విరివిగా పంపిన మన దేశము 2024లో దానిని మ్యాన్మారు, యుక్రెయిను దేశములనుండి కొని తెచ్చుకొను స్థితికి వచ్చెను. దాణా వెల పెరిగి కోళ్ల పెంపకదారులు మొఱపెట్టిరి. గ్రుడ్ల ఉత్పత్తిలో ముందున్న తెలుగునాడు ఈ బాధకు వెలుపల లేదు. “మ్రింగ మెతుకు లేదు, మీసములకు సంపెంగనూనె” యను సామెత మన పెద్దలు హాస్యమునకు మాత్రమే చెప్పియుండరు.

ఇంక పూర్వపక్షమును విందము. విధానమును సమర్థించువారి మాటలలో సత్యము లేకపోలేదు. గిడ్డంగులు పొంగిపొరలుచున్నవి, బియ్యము పురుగుపట్టుకంటె ఇంధనమగుట మేలు గదా యని మొదటి వాదము. పురుగుపట్టిన బియ్యమును కాల్చుటకు నాకు అభ్యంతరము లేదు. కాని మిగులు అనునది ఆకాశమునుండి పడినది కాదు. వరికి మాత్రమే కొనుగోలు భరోసా యుండుటచే రైతు వరియే వేయుచున్నాడు. పప్పుధాన్యములకును చిఱుధాన్యములకును అట్టి భరోసా యిచ్చినచో ఈ మిగులు తఱుగును, కంచమున పప్పు పెరుగును. పైగా మిగులు ఒక్క వానకాలపు కొలది. 2023లో వానలు తప్పగానే బాస్మతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధించిరి. డిసెంబరులో చెఱకు రసమునుండి సారము తీయుటను అరికట్టి, ఆ నెలలోనే కొంత సడలించిరి. వెనుకకు తిరుగుట ఏల కష్టమైనది? అప్పులు తెచ్చి కట్టిన కర్మాగారములు అప్పటికే నోరు తెఱచుకొని కూర్చుండెను. మనుష్యుడు కఱవు వచ్చినపుడు ఒకపూట తినును. యంత్రమునకు కఱవు తెలియదు.

విదేశీ ద్రవ్యము మిగులుచున్నదని రెండవ వాదము. 2014-15 మొదలు 2025 జూలై వఱకు లక్షా 44 వేల కోట్ల రూపాయలు ఆదా యైనవని ప్రభుత్వమువారు ప్రకటించిరి. ఆ సంఖ్యను యథాతథముగా అంగీకరింతము. 2024-25లో మనము ముడిచమురు దిగుమతికి చెల్లించినది 11 లక్షల కోట్లకు పైబడినది. పదేండ్లకు మించిన ఆదా ఒక్క యేటి వ్యయములో సుమారు ఎనిమిదవ వంతు. ఇక రెండవ చేతిని చూడుడు. మనము వాడు వంటనూనెలో సగమునకు పైగా విదేశములనుండి వచ్చుచున్నది. 2023-24లో దానికై చెల్లించినది లక్షా 30 వేల కోట్ల రూపాయలకు తక్కువ కాదు. పదేండ్లలో బండినూనెపై మిగిల్చినది ఒక్క యేటి వంటనూనెకు సరిపోయెను! వేరుసెనగ, సోయా, నువ్వు పండదగిన నేలలలో మొక్కజొన్న వేయించి ఒక నూనెను తగ్గించి మఱియొక నూనెను కొనుట ఏమి స్వావలంబనము?

రైతునకు మంచి వెల దొరకుచున్నదని మూడవ వాదము. ఇది తీసివేయదగినది కాదు. చెఱకు బకాయిలు మునుపటికంటె వేగముగా తీరినవి. మొక్కజొన్నకు గిరాకి పెరిగినది. కాని రైతులందు కౌలుదారును, రైతుకూలీయు గలరు. వారు అమ్ముకొను దినములకంటె కొనుక్కొను దినములే హెచ్చు. పైగా ప్రభుత్వపు ఉత్సాహమును నమ్మి రైతు మోసపోయిన చరిత్ర మనము చూచినదే. 2003లో ప్రణాళికాసంఘపు సమితి అడవియాముదమును, అనగా జట్రోఫాను, బీడునేలలలో పెంచి డీసెలు తీయవచ్చునని చెప్పెను. 2009 నాటి విధానము 2017కు నూటికి ఇరువది పాళ్లు గమ్యముగా పెట్టెను. నీరులేని బీడులో ఆ మొక్క ఆశించినంత గింజ నీయలేదు; నాటినవారు పెఱికివేసికొనిరి; గమ్యము కాగితముపై నిలిచిపోయెను. ఆ పాఠము నేర్చి ప్రభుత్వము బీడును వదలి మాగాణిపై పడినది. ఇది సరియైన పాఠము కాదు.

వాయువు శుభ్రమగునని నాల్గవ వాదము. పంట పెరుగునపుడు పీల్చిన బొగ్గుపులుసు గాలియే కాలునపుడు వెలువడును గావున లెక్క సమమగునందురు. ఆ లెక్కలో ఎఱువును, నీటిని, కర్మాగారపు పొయ్యిని మఱచుచున్నారు. చెఱకునుండి తీసిన లీటరు ఇథనాలునకు సుమారు 2,860 లీటర్ల నీరు పట్టునని 2021లో నీతి ఆయోగు నివేదికయే చెప్పినది. నేల మాటయు చూడుడు. ఎకరమునకు 25 క్వింటాళ్ల మొక్కజొన్న పండెననుకొందము. అందుండి 950 లీటర్ల ఇథనాలు వచ్చును. పెట్రోలు లెక్కలో 630 లీటర్లు. దానితో కారు 9,500 కిలోమీటర్లు నడచును. పిప్పి దాణాగా మిగులుట నిజమే. అది గింజలో మూడవ వంతునకు మించదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు ప్రాంతమున 2017లో పూర్తియైన 1000 మెగావాట్ల సౌర విద్యుత్క్షేత్రమునకు పట్టిన నేల మెగావాటునకు సుమారు ఆఱెకరములు. మెగావాటు ఒకటికి ఏటా 15 లక్షల యూనిట్ల చొప్పున ఎకరమునకు రెండున్నర లక్షల యూనిట్లు. యూనిటుకు ఆఱు కిలోమీటర్ల వంతున విద్యుత్తు కారు 15 లక్షల కిలోమీటర్లు పోవును. దారిలో సగము నష్టమైనదనుకొన్నను డెబ్బది రెట్లకు మించిన లాభము. సూర్యుని వెలుగును మొక్కచే త్రాగించి, మొక్కను కుళ్లబెట్టి, ఆ సారమును కాల్చుటకంటె వెలుగును నేరుగా పట్టుకొనుట సులభమని ఈ లెక్క చెప్పుచున్నది.

బ్రెజిలు దేశము 1975నుండి చెఱకుసారముతో బండ్లు నడుపుచున్నది గదా యని కొందఱు. ఆ దేశపు భూమి మన భూమికి రెండున్నర రెట్లు. జనసంఖ్య మనలో ఆఱవ వంతునకు తక్కువ. వారి వాత యైన ఔషధము మన వాతకు పనికిరాదు. 2005, 2007 సంవత్సరముల చట్టములచే అమెరికా తన మొక్కజొన్నలో మూడవ వంతునకు పైగా సారమునకు వెచ్చించు స్థితికి వచ్చినది. అంత భూసంపద గల దేశమునకే అది తగినదా యని నేటికిని వివాదము. ఐరోపా దేశముల కూటమి 2015లోనే తిండిపంటలనుండి వచ్చు ఇంధనమును నూటికి ఏడు పాళ్లకు మించి లెక్కకు తీసికొనరాదని హద్దు గీసినది. ఆకలి తక్కువగా నున్న దేశము హద్దు గీసికొనగా, ఆకలిగల దేశము హద్దు చెఱపుకొనుచున్నది.

కొనువాని మాటయు చెప్పవలెను. పాత ఇంధనమునకు తయారైన కారులలో ఇరువది పాళ్ల మిశ్రమము పోసినచో నూటికి 6, 7 పాళ్లు మైలేజి తగ్గునని నీతి ఆయోగు నివేదిక 2021లోనే చెప్పెను. ఆ నష్టమును పూరించునట్లు వెల తగ్గింపవలెననియు సూచించెను. వెల తగ్గలేదు. ఇథనాలే 2024-25లో లీటరు సగటున 71 రూపాయలు దాటినది గావున తగ్గింప వీలులేదని 2025లో జవాబు చెప్పిరి. కలపని పెట్రోలు కావలెననువానికి ఆ యవకాశము నిమ్మని వేసిన వ్యాజ్యమును 2025 సెప్టెంబరు 1న సర్వోన్నత న్యాయస్థానము కొట్టివేసెను. న్యాయస్థానపు తీర్పు విధానము చట్టబద్ధమా యను దానికి సంబంధించినది; విధానము వివేకవంతమా యను ప్రశ్న మాత్రము ప్రజలదే.

తెలుగు పల్లెలు ఆ ప్రశ్నను ముందే అడిగినవి. 2023లో నారాయణపేట జిల్లా చిత్తనూరున, 2024 నవంబరులో నిర్మలు జిల్లా దిలావరుపురమున, 2025 జూనులో గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో ఇథనాలు కర్మాగారములు వలదని జనులు వీధులకెక్కిరి. నీరు చెడును, గాలి కంపుకొట్టును, పొలము పోవునని వారి భయము. ఆ భయము కొంత అతిశయమే కావచ్చును. హింస కలిగినచోట అది తప్పే. కాని అందుకు మూలమేమి? ఇంధనమునకై మాత్రమే సారము తీయు కర్మాగారములను 2021లో పర్యావరణపు అనుమతులందు తేలిక తరగతికి మార్చిరి. ఆ తరగతివారికి ప్రజాభిప్రాయ సేకరణ సభ అక్కఱలేదు. సభలో మాటాడనీయని ఊరు రోడ్డుపై మాటాడును. ఈ నేరమును ఊరిపై మోపుట న్యాయము కాదు.

విమర్శించుట తేలిక, మార్గము చూపుట కష్టము అందురు గావున నాకు తోచిన మార్గమును చెప్పుదును. మొదటిది: మనుష్యుడు తినదగిన బియ్యమును, ఆహారసంస్థ గిడ్డంగినుండి ఒక్క బస్తాయైనను, సారమునకు ఇయ్యరాదని చట్టము చేయవలెను. మొక్కజొన్నకు ఐరోపావలె ఒక హద్దు గీయవలెను. రెండవది: ప్రభుత్వపు ధనమంతయు తినరాని వస్తువులనుండి తీయు ఇంధనమునకే పోవలెను. 2022లో పానిపట్టున వరిగడ్డినుండి ఇథనాలు తీయు కర్మాగారమును ఆరంభించిరి; ఏటా 2 లక్షల టన్నుల గడ్డి వాడి 3 కోట్ల లీటర్లు తీయుట దాని ఉద్దేశము. పొలములలో గడ్డి తగులబెట్టుటచే ఉత్తరదేశము ప్రతి శీతకాలమున పొగలో మునుగుచున్నది; అట్టివి ఒకటి రెండు చాలునా? మాటిమాటికి కాచిన నూనెను తినరాదని 2018లో ఆహారభద్రతా సంస్థ హద్దు విధించి, దానిని సేకరించి బయోడీసెలు చేయు ఏర్పాటును ఆరంభించెను. ఆ ఏర్పాటు ప్రతి పట్టణపు మిఠాయిదుకాణమునకును అందవలెను. మూడవది: కర్మాగారమునకు ముందు ఊరిసభ జరుగవలెను. నాల్గవది: బంకులో కలిపిన పాలెంతయో, ఏ పంటనుండి వచ్చినదో వ్రాసిపెట్టి, తగ్గిన శక్తికి తగినట్లు వెల తగ్గింపవలెను. ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది: దాహమునే తగ్గింపవలెను. ఏబదిమందిని మోయు బస్సు నలువది స్కూటర్లను ఇంటిలో నిలుపును. స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణమును తెలంగాణము 2023 డిసెంబరులోను, ఆంధ్రప్రదేశము 2025 ఆగస్టులోను కల్పించినవి. ఎక్కువారు పెరిగినపుడు బస్సులును పెరుగవలెను, అవి విద్యుత్తుతో నడువవలెను. సారపు కర్మాగారములకిచ్చు వడ్డీ రాయితీలలో ఒక పాలు దీనికి మఱలించినచో ఫలము వెంటనే కనబడును.

చదువరులారా! పెట్రోలు అయిపోవునాడు ఏమి చేయుదుమను భయము న్యాయమైనదే. కాని ఆ భయముచే అన్నపు గింజను యంత్రమునకు అలవాటు చేసినచో దానిని మఱల విడిపించుట మన తరము కాదు. కర్మాగారమునకు యజమానులు గలరు, వారికి పలుకుబడి గలదు, వారి తరఫున మాటాడు పత్రికలు గలవు. గిడ్డంగిలోని బియ్యము ఎవరిదో వారికి మాత్రము పత్రిక లేదు. వారి తరఫున మీరు మాటాడవలెను. మీ శాసనసభ్యుడు ఓటునకు వచ్చినపుడు రోడ్ల సంగతి అడుగుదురు గదా. ఆ రోడ్లపై నడచు బండ్లు ఏమి త్రాగుచున్నవో కూడ అడుగుడు. ముందు కంచములు నిండనిండు. తొట్ల సంగతి పిదప చూతము.